పుష్పకుమారి చూసిన మూడు పాఠాలు

“ఈ పిల్లకి మాటలు రానే రాకపోతే ఏం చెయ్యాలక్కా?”

అంగన్‌వాడీ వరండాలో ఉడికిన కోడిగుడ్లకు పెంకు తీస్తున్న పుష్పకుమారి చేతిలోని గుడ్డును నున్నగా ఒలిచి, గిన్నెలో వేసి, అప్పుడు తలెత్తింది.

“వస్తాయిలే అంటే నువ్వు నమ్మవు. రావు అనేదానికి నాకు నోరు రాదు. ఇట్ట కూర్చోని నాలుగు గుడ్లు ఒలువు. చేతిలో పనుంటే గుండె గమ్మునుంటది.”

డెబోరా పక్కన కూర్చుంది. ఆమె కూతురు షారన్‌కు రెండేళ్ల మూడు నెలలు. నవ్వుతుంది, పరిగెత్తుతుంది, కావలసిన వస్తువు దగ్గరికి అమ్మ వేలు పట్టుకుని లాక్కుపోతుంది. నాలుగు మాటలు తప్ప మాట్లాడదు. నెల్లూరులో చెవులు పరీక్ష చేయించారు. వినికిడి బాగానే ఉంది. “ఇంట్లో మాట్లాడించండి, మూడు నెలల తర్వాత చూద్దాం,” అన్నారు డాక్టరు గారు. ఆ మూడు నెలలు ఎల్లుండి సోమవారంతో నిండుతాయి.

డెబోరా మైక్రోబయాలజీ చదివింది. పెళ్లికి ముందు రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేసింది. భర్త ప్రవీణ్‌కు మైపాడు దగ్గర రొయ్య పిల్లల్ని పెంచే హ్యాచరీలో ఉద్యోగం రావడంతో కోవూరు నుంచి ఇక్కడికి కాపురం మార్చారు. కొలిచి చూడనిదే ఆమెకు ఏదీ నమ్మకం కుదరదు. పాప పలికిన మాటలకు కూడా ఫోనులో ఒక పట్టిక పెట్టింది, వారానికో గడి. పన్నెండు వారాలుగా ప్రతి గడిలోనూ నాలుగే.

ఆ పట్టిక మొదలుపెట్టిన రోజుల్లోనే ఒక ఆన్‌లైన్ కోర్సు ఆమె కంటబడింది. చిన్నపిల్లలకు మాటలెలా వస్తాయో చెప్పే కోర్సు. ఎనిమిది పాఠాలు, నాలుగు నెలల గడువు, రుసుము లేదు, తెరమీద కింద తెలుగు అక్షరాలు కూడా నడుస్తాయి. చేరినవాళ్లు ముప్పై ఎనిమిది వేల మంది. ఆ సంఖ్యను డెబోరా రెండుసార్లు చదివింది. ఎక్కడెక్కడి ఇళ్లలోనో, పేర్లు తెలియని ఊళ్లలోనో, ఒళ్లో మాటరాని బిడ్డను పెట్టుకుని ఇంతమంది ఒకే గొంతు వింటున్నారు. తాను ఒంటరి కాదు.

విషయం విని పుష్పకుమారి, “నన్ను గూడా చేర్చు పాపా,” అంది. “పద్దెనిమిదేళ్ల నించి పిల్లోళ్ల ముక్కులు తుడస్తుండా. నోట్లోకి మాట యాడ్నించి వస్తదో ఒక తూరన్నా చూడాల గదా.”

ఆమె ఆయాగా చేరకముందు చేపల గంప నెత్తిన పెట్టుకుని బస్సులో నెల్లూరు పోయి అమ్మేది. వాసనకు జనం జరిగిపోతే, “ఎప్పుడూ నాకు సీటు దొరికేది,” అని నవ్వుతుంది. చదువు ఎనిమిదో తరగతి.

కోర్సులో చేరినవాళ్లు తమ గురించి నాలుగు మాటలు రాయాలి. పుష్పకుమారి చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినట్టు కొంగు సర్దుకుని చెప్పింది, డెబోరా టైపు చేసింది. “ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నాది మైపాడు. మా సెంటర్లో బిడ్డలు పద్దెనిమిది మంది. వాళ్ల కోసరం ప్రార్థన చెయ్యండి.”

“అక్కా, అది చర్చి కాదు.”

“అంత మంది కూర్చోనుంటే వందనం చెప్పకుండా ఎట్టమ్మా? బడాయి అనుకోరా?”

రెండు రోజులకు దాని కింద ఎవరో, వీళ్లకు తెలియని లిపిలో రెండు వాక్యాలు రాసి, ఒక బిడ్డ ఫొటో పెట్టారు. ఆ ఆదివారం నుంచి పుష్పకుమారి ప్రార్థనలో ఆ బిడ్డ కూడా చేరిపోయింది.

డెబోరా పాఠాల వెంట పరుగెత్తింది. పాప నిద్రపోగానే వీడియో, వంట చేస్తూ వీడియో. పుష్పకుమారి మాత్రం ఒక పాఠం చూసి ఫోను పక్కన పెట్టేసేది. పిల్లల కళ్ల ఎత్తున కూర్చుని మాట్లాడమని మొదటి పాఠం. పద్దెనిమిది మంది ముందూ ఒక్కొక్కరిగా నేలమీద కూర్చుని చూసేసరికి ఆమెకు మూడు వారాలు పట్టింది. కోర్సువాళ్ల దగ్గర నుంచి వారం వారం సందేశం వచ్చేది: మీరు వెనకబడి ఉన్నారు.

“ముందుకు పోయినోళ్లు ఏం చేస్తుండారంట?” అని అడిగేది పుష్పకుమారి.

వాళ్లు కనిపించడం లేదు. మొదటి వారం తిరునాళ్లలా ఉన్న చర్చల పేజీలో ఐదో వారానికి అడిగిన ప్రశ్నలు అడిగినట్టే పడి ఉన్నాయి, జనం లేచిపోయాక ఇసుకలో మిగిలిన అడుగుల్లా. డెబోరా మాత్రం చివరిదాకా వెళ్లింది. తొంభై ఒక్క మార్కులు వచ్చాయి. సర్టిఫికెట్ వచ్చిన రోజు కూడా పట్టికలో నాలుగే.

ఆ శనివారం గుడ్లు పంచి, పిల్లల్ని పంపించి, సెంటరుకు తాళం వేశాక పుష్పకుమారి, “పాపను ఎత్తుకో. అట్ట సముద్రం దాకా పోయొద్దాం,” అంది.

ఎండ మెత్తబడింది. పడవలు ఇసుకలో పక్కకు ఒరిగి నిద్రపోతున్నట్టున్నాయి. గాలికి నీళ్లూ ఆకాశమూ ఒకే పలచని రంగులోకి కలిసిపోతున్నాయి. ముగ్గురూ తడి ఇసుక అంచున కూర్చున్నారు. డెబోరా ఒక గవ్వ తీసి పాప ముందు పెట్టింది.

“ఇదేంటి షారన్? గవ్వ. చెప్పు, గవ్వ. గ... వ్వ. ఏదీ, అమ్మకి చెప్పు?”

షారన్ సముద్రం వైపు చూసింది.

“రెండో పాఠంలో ఆ మనిషి ఏం చెప్పింది పాపా?” పుష్పకుమారి అడిగింది.

“ప్రశ్న అడిగాక పది సెకన్లు ఆగమంది. పరీక్షలో వచ్చింది. కరెక్టుగానే రాశాను.”

“రాసినావు. ఆగినావా?”

డెబోరా చేతికంటిన ఇసుక దులుపుకుంది.

“నాకాడ వాచీ లేదు. అందుకని అల చూస్తా. సెంటర్లోకి గూడా చప్పుడు వినపడద్ది గదా. అడుగుతా, ఒక అల వచ్చి పొయ్యేదాకా గమ్మునుంటా. కొందరికి ఒకటి చాలు. కొందరికి మూడు.” ఆమె గవ్వను అరచేతిలో పెట్టి, మోచేతుల మీద వంగి, షారన్ కళ్ల ఎత్తుకు వచ్చింది. “ఇది నీకా, నాకా?”

ఒక అల వచ్చింది. నురగ పాప కాళ్లదాకా పాకి వెనక్కి జారింది. డెబోరా పెదవి కదపబోతే, చూడకుండానే ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది పుష్పకుమారి. రెండో అల లేచింది. అది విరగడానికి ఒక యుగం పట్టినట్టనిపించింది డెబోరాకు. ఇంత నిశ్శబ్దాన్ని తాను ఎన్నడూ కూతురికి ఇవ్వలేదు. నీరు వెనక్కి పోతూ ఇసుకలో చిన్న చిన్న బుడగలు వదిలింది. షారన్ గవ్వను చూసింది, పుష్పకుమారి నోటిని చూసింది.

“నాకు,” అంది. గవ్వ తీసుకుని గుప్పిట మూసింది.

“నీకే తల్లీ,” అంది పుష్పకుమారి, రోజూ వినే మాటే అన్నట్టు.

డెబోరాకు సముద్రం కనిపించలేదు, కళ్లు నిండిపోయాయి. కాసేపటికి, ఉండబట్టలేక, ఫోనులో అలల మధ్య వ్యవధి కొలిచింది. ఎనిమిది, పదకొండు, తొమ్మిది సెకన్లు. పాఠం చెప్పినామె అబద్ధం చెప్పలేదు.

సోమవారం డాక్టరు గారు పాపను చాలాసేపు గమనించి, మొదలవుతోంది, ఇలాగే చేయండి, మాటలు నేర్పే నిపుణులకూ ఒకసారి చూపిద్దాం అన్నారు. భయం పూర్తిగా పోలేదు. పట్టికలో ఐదు పడింది.

ఆ నెలాఖరుకు కోర్సు మూసేశారు. పుష్పకుమారి అప్పటికి మూడో పాఠంలో ఉంది. “గడువు ముగిసింది” అన్న అక్షరాలను కొంచెంసేపు చూసింది. “చూసిన మూడూ నాకాడనే ఉండాయి. తక్కిన ఐదూ చూడకపోతినే,” అంది. ఆ గొంతులో ఆశ పసిగట్టి డెబోరా తన నోట్సు తెచ్చి, వారానికొక పాఠం చదివి వినిపించింది. ఈసారి తాను కూడా వారానికొకటే.

ప్రవీణ్ ఉద్యోగం మారడంతో ఇప్పుడు డెబోరా వాళ్లు మళ్లీ కోవూరులో ఉంటున్నారు. కిటికీలోంచి వరి చేలు కనిపిస్తాయి, సముద్రం వినిపించదు. షారన్‌ను ఏదైనా అడిగినప్పుడల్లా డెబోరా మనసులో ఒక అల లేస్తుంది, నురగ పాకుతుంది, వెనక్కి జారుతుంది. తొందర గొంతుదాకా వచ్చినప్పుడు, బయలుదేరే రోజు ఆటో దగ్గర పుష్పకుమారి అన్న మాట గుర్తొస్తుంది.

“అడిగినాక ఒక అల పోనియ్యి పాపా. అందాక నువ్వు నోరు తెరవబాక.”