జర

మా ఇంట్లో 'జర' అనకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. గోదావరి జిల్లా నుంచి వచ్చి సూరారం దగ్గర కొత్త కాలనీలో దిగినప్పటి నుంచీ, ఇక్కడ పుట్టిన నా కూతురి నోట ఆ మాట వచ్చినప్పుడల్లా "కొంచెం అను" అని కసురుతూనే ఉన్నాను. అరబ్బీలో అది ధూళికణమట. ఉర్దూలో 'కాస్త' అయింది. ఇక్కడి తెలుగులోకి వచ్చాక ఇంకా మెత్తబడింది. 'జర టీ పొయ్యి' అంటే కాస్త టీ, 'జర సూడు' అంటే దయచేసి చూడమని. ఇదంతా నాకు తెలుసు. తెలిసే కసిరేదాన్ని.

మొన్న గండిమైసమ్మ చౌరస్తాలో షేర్ ఆటో కదిలిపోతుంటే పిల్ల చెయ్యి పట్టుకుని పరుగెత్తాను.

"అన్నా, జర ఆపవా!"

ఎక్కడలేని తీపి నా గొంతులో. డ్రైవరు ఆపి, వెనక సీట్లోని ముసలావిడతో "అవ్వా, జరంత పక్కకు జరుగు, పాపతోని ఎక్కుతాంది" అన్నాడు. ఆమె కూరగాయల గంప ఒళ్లోకి తీసుకుని మాకు చోటిచ్చింది.

ఆటో కదిలాక నా కూతురు అందరికీ వినపడేలా అడిగింది.

"అమ్మా, మనకి పనున్నప్పుడు జర అనొచ్చా?"

నేను తల వంచుకుని సీటు అంచుకు జరిగాను. ముసలావిడ నవ్వలేదు. గంపను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"జర మంచిగ కూసో బిడ్డా, పడతవ్."

ఆ మాట నా కూతురితో కాదు, నాతో.