వాకిట్లో ఖైదైన జీపు

ఒక జీపును దాని ఇంట్లోనే ఖైదు చేసిన ఘనత చిక్కడపల్లి మొత్తంలో నాకొక్కదానికే ఉంది. పోలీసు లేడు, బేడీ లేదు, తాళం లేదు. ఒక జాకీ, ఒక పానా, నా తెలివి. మూడింట్లో నా తెలివే ఎక్కువ పని చేసింది. అందుకే అంత విధ్వంసం జరిగింది. నవ్వండి, నేనేమీ అనుకోను.

మా ఆయన పోయాక కర్రీ పాయింటు పెట్టాను. అశోక్ నగర్ హాస్టళ్లలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు మధ్యాహ్నం అన్నం, పప్పుచారు డేక్షాల్లో నింపి జీపులో తీసుకుపోయేదాన్ని. నడిపేది నేనే. మా ఆయన నాకు అక్షరాలు నేర్పలేదు గానీ గేర్లు నేర్పాడు.

రాష్ట్రం రాకముందు ఏడాది అది. వానకాలంలో అశోక్ నగర్ నాలా పొంగితే రోడ్డేదో నాలా ఏదో తెలిసేది కాదు. మా జీపు పొట్టిది. నీళ్లు ఇంజనులోకి పోగానే చెరువులో దిగిన బర్రెలాగా నడిమధ్యలో నిలబడేది. కొట్టినా కదలదు, తిట్టినా కదలదు.

మా మరిది యాదగిరికి అదే సందు దొరికింది. జీపు అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్నది మరి. యాదగిరి ఎంత మనిషంటే, కూర్చున్నాక కింద కుర్చీ ఉందని మనం నమ్మాల్సిందే గానీ కనబడదు.

"వదినా, గీ డబ్బాను కాచిగూడల ఒకాయన అడుగుతున్నడు. అమ్మేద్దాం."

"మీ అన్న పట్టిన స్టీరింగు అది. నేనియ్య."

"అయితే ఇంకొక్క వాన చూస్త. ఆగకుంట అశోక్ నగర్ పోయొస్తే బండి నీకే ఇడిచిపెడుత. ఆగిందో, కాచిగూడకే. మాటియ్యి."

ఇచ్చాను. మాట ఇవ్వడానికి చదువు అక్కర్లేదు కదా.

ఇచ్చాక గానీ బుర్ర పనిచేయలేదు. నీళ్లలో నడిచేటప్పుడు నేను చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంటానా లేదా? జీపుకూ అదే చేద్దాం! దానికి ముందూ వెనకా ఇనుప పట్టీల కట్టలుంటాయి, బండి బరువంతా వాటి మీదే. ఆ పట్టీలకూ ఇరుసుకూ నడుమ ఇనుప దిమ్మెలు పెట్టి, పొడుగు బోల్టులతో బిగిస్తే బండి అంత మేర పైకి లేస్తుంది. దిమ్మెలూ బోల్టులూ ముషీరాబాద్‌లో పాత ఇనుము కొట్లో తెచ్చాను. మెకానిక్ ఎందుకు? సంసారమంతా నేను చూసింది మా ఆయన కాళ్లే. మిగతా మనిషి ఎప్పుడూ బండి కిందే ఉండేవాడు. చాయ్ ఇస్తూ ఇస్తూ పని మొత్తం నేర్చుకున్నాను.

సాయానికి పక్కింటి సుబ్బలక్ష్మి గారిని పిలిచాను. భీమవరం ఆవిడ, మాట మెత్తన.

"ఏమండీ, ఇది మీ మీద పడదు కదండీ?"

"పడది. కింద దుంగలు పెట్టిన. మీరు జాకీ తిప్పుండ్రి."

"నాకు పిండి రుబ్బడం తప్ప ఏం రాదండీ."

"గట్లనే రుబ్బుండ్రి!"

రుబ్బారు. లేచింది. మా వాకిట్లో నా జీపు మెడ ఎత్తిన ఒంటెలాగా నిలబడింది. ఇద్దరం దానికి దిష్టి తీశాం.

అనుకున్న వాన రానే వచ్చింది. పొద్దుటి నుంచి కుండపోత. డేక్షాలు ఎక్కించి, గొడుగేసుకుని తమాషా చూడ్డానికొచ్చిన యాదగిరి ముందు రివర్స్ గేరు వేశాను.

ఖణ్!

బండి వచ్చిపోయే మా వీధి దర్వాజా మా మామగారి తాత కట్టించింది. పైన రాతి దూలం. జీపు టాపుకూ ఆ దూలానికీ మధ్య ముందు నుంచీ పిల్లి తోక పట్టేంత సందే ఉండేది. నేను బండిని దర్వాజా లోపల నిలబెట్టి ఎత్తు పెంచాను! ఎంత పెరిగిందో చూసి మురిశాను గానీ, ఎటు నుంచి బయటికి పోతుందో చూడలేదు.

"వానకు ఆగిన బండ్లు చూసిన వదినా," అన్నాడు యాదగిరి, "ఇల్లు దాటకముందే ఆగిన బండిని ఇదే చూసుడు!"

"టైర్లలో గాలి తీసేద్దామాండీ?" అంది సుబ్బలక్ష్మి గారు.

"మల్ల నింపేదెవలు? పంచర్ దుకాణమే మునిగింది!"

దిమ్మెలు పీకితే మళ్లీ పాత పొట్టిదే. అన్నం చల్లబడుతోంది. బండి కాచిగూడకు పోయినట్టే అనుకున్నాను. యాదగిరి నవ్వు ఆపుకోలేక, పొట్ట పట్టుకుని జీపు వెనక మెట్టు మీద కూలబడ్డాడు.

బండి కిందికి దిగింది.

నేను చూశాను. టాపు, దూలం, యాదగిరి. మళ్లీ ఒకసారి చూశాను.

"యాదగిరీ, జర లోపలికెక్కు. డేక్షాలు కదుల్తున్నయ్, పట్టుకో."

"నేనెందుకు?"

"ఆగుతదో లేదో నీ కండ్లతోటి చూడవా?"

ఎక్కాడు. పట్టీలు మూలిగాయి. ముందు సీట్లో సుబ్బలక్ష్మి గారు, ఆవిడ ఒళ్లోనే అన్నట్టు వాళ్ల అత్తగారు. వెనకేమో మా సందులోని ఆడవాళ్లందరూ.

"అందరు గట్టిగ కూసోండ్రి! ఎవ్వలు ఊపిరి పీల్చద్దు!"

టాపు దూలాన్ని ముద్దు పెట్టుకుంటూ జారింది. బయటపడ్డాం! ఆడవాళ్లు దిగి చప్పట్లు కొట్టారు. యాదగిరిని మాత్రం దిగనివ్వలేదు.

అశోక్ నగర్‌లో కొత్త కార్లన్నీ నీళ్లలో కళ్లు తేలేసి ఉన్నాయి. వాటి మధ్యలోంచి నా జీపు చీర దోపుకున్న మహారాణిలాగా నడిచింది. హాస్టలు బాల్కనీల్లోంచి ఒకటే ఈలలు. "అక్కా! అన్నమొచ్చిందిరోయ్!"

"ఆగిందా యాదగిరీ?"

రెండు చేతులతో పప్పుచారు డేక్షాను కావలించుకుని ఉన్నాడు పాపం. "ఆగలే వదినా. నీదే బండి. జర మెల్లగ పోనీ."

గెలిచాను! డేక్షాలన్నీ ఖాళీ చేసి, ఊరేగింపులాగా హారన్ కొట్టుకుంటూ ఇల్లు చేరాను. యాదగిరి దిగి దండం పెట్టాడు. నేను దర్జాగా బండిని లోపలికి తిప్పాను.

ఖణ్!

బండి నాదే, ఇల్లూ నాదే. ఒకటి ఇంకోదాంట్లో పట్టాలంటే మాత్రం యాదగిరి కావాలి, అతనొక్కడు చాలు. ఆ రోజు నుంచి పొద్దున తీయడానికీ, సాయంత్రం పెట్టడానికీ నారాయణగూడ నుంచి స్కూటరు మీద వచ్చి వెనక కూర్చుంటున్నాడు.

"వదినా, డాక్టరు సన్నబడమన్నడు."

"జీపు ఉన్నన్ని దినాలు గా మాటెత్తకు. ఇగో, బగారన్నం. ఇంకొంచెం ఏసుకో."

అందుకని పాఠకులందరి ముందూ, మా ఆయన జాకీ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ బండిని ఎత్తు చేసినా దర్వాజా బయటే చేస్తాను. నా కంఠంలో ప్రాణముండగా మా మరిదిని మాత్రం సన్నబడనివ్వను.