సీదా పోండ్రి

లాలాగూడలో మా ఎదురింటి మామకు ‘తెలియదు’ అనడం చేతకాదు. గల్లీ మొదట్లో పాన్‌డబ్బా దగ్గర నిలబడి, ఎవరు దారి అడిగినా, ప్రశ్న పూర్తికాకముందే చెయ్యి చాచేవాడు. "సీదా పోండ్రి. నాలుగడుగులే."

ఓ ఆదివారం ఆయన కూతురికి పెళ్ళిచూపులు. మా కుర్చీలు కూడా వాళ్ళింట్లోనే వేశాం. పెళ్ళివారు పాన్‌డబ్బా దగ్గర ఆటో ఆపి ఇంటి నంబరు చెప్పారు. మా గల్లీలో ఇంటి నంబర్లు పోస్ట్‌మాన్‌కు తప్ప ఎవరికీ తెలియవు, సొంతింటివి కూడా. వాళ్ళు పేరు చెప్పేలోపే మామ చెయ్యి లేచింది. ఆటో సాగిపోయింది.

మామ ఇంటికొచ్చి పరేషాన్ అయ్యాడు. "ఇంకా రాలే. ఏం మనుషులో ఏమో."

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ దాకా తిరిగి, చెమటలు కక్కుతూ చివరికి వాళ్ళు వచ్చారు. పెళ్ళికొడుకు తండ్రి మామను గుర్తుపట్టి గుడ్లురిమాడు.

మామ తొణకలేదు. "జెర ముందే పక్క గల్లీలకు మర్లినట్టున్నరు," అన్నాడు.

వెళ్ళేటప్పుడు పెళ్ళికొడుకు ఆటోస్టాండు ఎటని అమ్మాయిని అడగబోయాడు. అప్పటికే ఆమె చెయ్యి లేచింది. "సీదా పోండ్రి."

అటువైపు రైల్వే గోడ తప్ప ఏమీ లేదు.

కాసేపటికి పెళ్ళికొడుకు ఒక్కడే తిరిగొచ్చాడు, ఆమెను మళ్ళీ దారి అడగడానికి.