కెమెరా గదిలో కుర్చీ

నన్ను రాజమండ్రి బస్ కాంప్లెక్స్‌కు కంట్రోలర్‌గా వేసేసరికి రిటైర్మెంటుకు ఏడాదే మిగిలింది. ప్లాట్‌ఫారాల మీద కొత్తగా కెమెరాలు పెట్టిన వేసవి అది. బస్సుల రాకపోకలు రాసే పనితోపాటు కెమెరా గదినీ నాకే అప్పగించారు. జేబుదొంగలను పట్టించిన ఆ కెమెరాలంటే నాకు గౌరవమే. ఇప్పటికీ వాటిని తిట్టను.

పోలీసులు రాతపూర్వకంగా అడిగితే తప్ప రికార్డింగు ఎవరికీ చూపకూడదన్నది నిబంధన. మేం చేసింది వేరు. సామాను పోయిందని వచ్చినవాళ్ల సంచి ఎలా ఉంటుందో మాకు తెలియదు కదా అని, వాళ్లనే తెర ముందు కూర్చోబెట్టి, చూసి గుర్తుపట్టమనేవాళ్లం. ఆ కుర్చీ వేయించింది నేనే. అదేదో గొప్ప సేవ అనుకుని కాస్త గర్వపడ్డాను కూడా.

ఒక ఉదయం నలభై ఏళ్లాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. "బ్యాగు పోయిందండి, సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉన్నాయండి. తమరే దయచూడాలి," అన్నాడు. అంత మర్యాదగా అడిగేవాణ్ని కాదనడం మా వైపు వాళ్లకు చేతకాదు. కూర్చోబెట్టి టీ కూడా తెప్పించాను.

అరగంట కిందటి రికార్డింగులో, భీమవరం బస్సు దగ్గర ఆపమన్నాడు. ఆకుపచ్చ చీరలో ఒకామె పాపను ఎత్తుకుని బస్సెక్కుతోంది. ఆమె చేతిలో సంచే లేదు. అతను బస్సు బోర్డు, నంబరు చూసుకుని, "దొరికిందండి," అని లేచాడు. ఫిర్యాదు పుస్తకంలో సంతకం పెట్టమంటే వినిపించుకోలేదు. టీ ముట్టుకోలేదు.

సంచే లేనిచోట ఏం దొరికిందో నాకు తట్టేసరికి అతని బైకు గేటు దాటిపోయింది. 

కాంప్లెక్స్‌లోని పోలీసు ఔట్‌పోస్టుకు పరుగెత్తి, నా తప్పుతో సహా అంతా హెడ్ కానిస్టేబుల్‌కు చెప్పాను. ఆయన ఆ బస్సు దారిలోని తణుకు స్టేషనుకు ఫోన్ చేస్తుంటే, నేను ఆ బస్సు కండక్టర్ సత్యవతికి చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. టికెట్లు కొట్టేటప్పుడు ఫోన్ ఎత్తవద్దని చెప్పిందీ మేమే. మూడోసారి ఎత్తింది. బస్సు అప్పుడే రావులపాలెం దాటిందట.

"ఆకుపచ్చ చీరావిడ ఉన్నారండి. ఏంటండి విషయం?" అంది. ఫోన్ ఆమెకు ఇవ్వమన్నాను. అతను ఎలా ఉన్నాడో చెప్పాను.

"మా ఆయనండి. చంపేస్తానన్నాడని వచ్చేశానండి. బస్సయితే పేరూ ఊరూ ఎవరూ అడగరని ఎక్కాను. ఆయనకెవరు చెప్పారండి?"

నేనేనని చెప్పాను. ఆమె ఫోన్ సత్యవతికి ఇచ్చేసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

తరువాతి గంటలో ఒక్క బస్సు టైమూ సరిగ్గా రాయలేకపోయాను. తణుకు బస్టాండులో ఇద్దరు కానిస్టేబుళ్లు బస్సు తలుపు దగ్గరే నిలబడ్డారని, పది నిమిషాలకు బైకు మీద వచ్చినవాణ్ని స్టేషనుకు తీసుకువెళ్లారని కబురు వచ్చాక గానీ కూర్చోలేదు.

జరిగినదంతా మర్నాడు డిపో మేనేజరుకు రాసిచ్చాను. మెమో వచ్చింది, న్యాయమే. కుర్చీ తీయించేశాను. సామాను పోయినవాళ్లు ఆనవాళ్లు రాసిస్తే మేమే చూసి, కనబడినదేదో పోలీసులకు చెప్పేవాళ్లం. ఆలస్యమని జనం విసుక్కునేవారు. విసుక్కోనిచ్చాను. ప్రయాణికుల రక్షణ కోసం చూసేదంతా వాళ్ల గుట్టు కూడానని, మర్యాదకు పోయి దాన్ని పంచిపెట్టే అధికారం నాకు లేదని అప్పటికి తెలిసింది.

ఆ వారమే సత్యవతి డ్యూటీ దిగి నా దగ్గరకొచ్చింది. ఆకుపచ్చ చీరావిడ భీమవరం వెళ్లలేదని, తణుకులో వేరే బస్సెక్కిందని చెప్పి, ఊరి పేరు చెప్పబోయింది. వద్దన్నాను. క్షేమంగా చేరిందా అని మాత్రం అడిగాను.

"తెలీదండి. చేరాక ఫోన్ చెయ్యమని నా నంబరు ఇవ్వబోతే, వద్దందండి."