మంచం కింద జిగురు

పోయిన వేసవిలో మేము వనస్థలిపురంలో అద్దెకుండేవాళ్లం. పడకగదికి చెక్క ఫ్లోరింగ్. ఒక మధ్యాహ్నం మా ఎనిమిది నెలల పాప మంచం మీద నిద్రపోతుంటే కిందికి వంగి చూశాను. ఎలుకల కోసం పెట్టిన జిగురు అట్ట తిరగబడి, జిగురంతా చెక్కలకు అంటుకుని ఉంది. పాప పాకే నేల కదా అని, బోర్లా పడుకుని నడుము దాకా మంచం కిందికి దూరి, పాత చాకుతో గీకడం మొదలుపెట్టాను.

ఇంతలో నా జడ జారి జిగురులో పడింది. లాగబోతే చెయ్యి కూడా అతుక్కుపోయింది. తల ఎత్తలేకపోయాను. సరిగ్గా అప్పుడే పాప లేచింది. మంచం అంచు వైపు పాకుతున్న చప్పుడు నా నెత్తి మీదే వినిపిస్తోంది.

"ఆంటీ, ఒక్కసారి రండి" అని గొంతు చించుకుని అరిచాను. ఎదురింట్లో ఉండే మా ఓనరు ఆంటీ వచ్చి తలుపు కొట్టారు.

"ఏమైందమ్మా? తలుపు తియ్యి."

"జడ నేలకి అతుక్కుపోయిందండీ, లేవలేను. పాప మంచం మీంచి పడిపోయేలా ఉంది."

"నా దగ్గర ఇంకో తాళంచెవి ఉంది, తెస్త. నీ కాళ్లు బయటికున్నయా? పాప దిక్కు చాపు."

చూడకుండానే కాళ్లు అటు జరిపాను. తలుపు తెరుచుకుంటుండగా పాప నా పిక్కల మీద పడింది. దాని ఏడుపు విన్నాక గానీ నాకు ఊపిరాడలేదు.

ఆంటీ దాన్ని ఎత్తుకుని తలంతా తడిమి, "ఏం కాలే, మంచిగుంది" అన్నారు. తర్వాత నా జడ కత్తిరించి, చేతికి నూనె పోసి విడిపించారు.

నేను ఇంట్లోనే ఉన్నాను కదా, పాపకేమవుతుంది అనుకునేదాన్ని. అంత దగ్గరగా ఉండి కూడా బిడ్డను అందుకోలేకపోవడం ఎలా ఉంటుందో ఆరోజే తెలిసింది.