నిద్రలేని ఆకలి

బెర్తు దొరక్క, కాకినాడ నుంచి రైల్లో రాత్రంతా కూర్చునే వచ్చాను. మా ఆఫీసులో పనిచేసే నస్రీన్ చెల్లెలి పెళ్లి. పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో వాళ్లింటికి చేరేసరికి వాళ్లమ్మగారు నేల మీద దస్తర్‌ఖాన్ పరిచి ఖిచిడీ, ఖీమా, చింతపండూ నువ్వులూ కలిపిన పుల్లటి ఖట్టా పెట్టారు. పొద్దున్నే ఇంత భోజనమా అని ఆశ్చర్యపోయాను. ఇంటి దగ్గర రెండిడ్లీలకే చాలంటాను. ఆ రోజు మాత్రం ఎంత తిన్నా ఇంకా కావాలనిపించింది. మూడోసారి గరిటె నేనే అందుకున్నాను.

"మా ఖిచిడీ గింత ఇష్టంగ తిన్న చుట్టం ఇప్పటిదాంక రాలే బేటా," అని ఆవిడ మురిసిపోయారు.

తిని పడుకుని మధ్యాహ్నం దాటాక లేచాను. నా కోసమే మళ్లీ ఖిచిడీ వండించి, అందరూ నా చుట్టూ కూర్చున్నారు. నాకేమో నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయింది.

ఆవిడ మొహం చిన్నబోయింది. "ఏంది బేటా, ఉప్పు తక్కువైందా?"

"అయ్యో, వంట బ్రహ్మాండంగా ఉంది అమ్మీ. రాత్రి నిద్ర లేకపోతే నా కడుపు నా మాట వినదు, ఎంత తిన్నా ఇంకా కావాలంటుంది. ఇప్పుడు హాయిగా పడుకున్నానుగా, అందుకే ఇంతే."

ఆవిడ పకపకా నవ్వారు. "గంతేనా! ఫికర్ జెయ్యకు. ఈ రాత్రి నువ్వెట్ల పండుకుంటవో నేను జూస్త."

అన్నంత పనీ చేశారు. ఢోలక్ నా ఒళ్లో పెట్టి, తెల్లారేదాకా పెళ్లిపాటలకు వాయించమన్నారు. పొద్దున ఖిచిడీ గిన్నె నా ముందుకు జరిపి గరిటె చేతికిచ్చారు. నేను మూడోసారి వడ్డించుకుంటుంటే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు.