ఎదురింటి తాత ఏడు బిళ్లలు

ఎదురింటి తాత పోయారని మొన్న మంగళవారం అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు బడిలో ఏడో తరగతికి లెక్కలు చెప్పడానికి బయల్దేరుతున్నాను. ఆ రోజు పాఠం సాగలేదు. పిల్లలకు ఆయన గురించే చెప్పాను. మీకూ చెప్పాలనిపించింది.

కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో, గని కూలీల ఇళ్ల వరుసలో, అంటే మా లైన్లో, ఆయనది సరిగ్గా ఎదురిల్లు. గనిలోకి మనుషుల్ని దించి పైకి తెచ్చే యంత్రం నడిపిన మనిషి. గని మూతపడ్డాక ఆయనకు మేమే పని. ఆదివారం పొద్దున వీధి పిల్లలమంతా ఆయన వసారాలో చేరేవాళ్లం. పలకా లేదు, పెన్సిలూ లేదు. చింతగింజలో అగ్గిపుల్లలో ముందు పెట్టి ఒక చిక్కు వేసేవారు. మేం ఆలోచిస్తుంటే మా మొహాలు చూడకుండా వీధివైపు తిరిగి ముక్కుపొడి పీల్చుకునేవారు. జవాబు మాత్రం నోరు జారనిచ్చేవారు కాదు. బతిమాలితే, "నేను చెప్తే అది నా జవాబు. నీది యాడ?" అనేవారు. నాకు ఒళ్లు మండేది.

ఎనిమిదో తరగతిలో అర్ధ సంవత్సరం పరీక్షలో లెక్కలు తప్పాను. నాన్నది కోలారు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు పని. "ఇంగోసారి లెక్కల్లో పోయిందంటే బడి చాలమ్మా, కుట్టుమిషను నేర్చుకుందువు" అనేశారు. ఆ వారమే తాత ఏడు ఇత్తడి బిళ్లలు నా ముందు పరిచారు. గనిలోకి దిగే కూలీలకు ఇచ్చే నంబరు బిళ్లలవి. అన్నీ నంబరు కిందికి బోర్లించి ఉన్నాయి. ఒక్కోసారికి సరిగ్గా రెండు బిళ్లలు తిప్పాలి. చివరికి ఏడు నంబర్లూ పైకి రావాలి.

బిళ్లలు ఇంటికి తెచ్చుకుని నాలుగు రోజులు తిప్పాను. ఆరు పైకొస్తాయి, ఒకటి మొండికేస్తుంది. నాకు బుర్ర లేదని తేలిపోయిందనుకుని ఏడుస్తూ వెళ్లి, "నాకు రాదు తాతా" అన్నాను.

"నీకు రాదా, ఎవురికీ రాదా? రెండూ ఒకటి కాదు. చూసుకోని రా."

అలాంటి తేడా ఒకటుంటుందని నాకు అంతవరకూ తెలియదు. ఇంటికొచ్చి తొందర లేకుండా తిప్పుతూ, ప్రతిసారీ పైకి ఎన్నున్నాయో చూశాను. రెండు, నాలుగు, మళ్లీ నాలుగు, ఆరు. మూడు రాదు, ఐదు రాదు. రెండు తిప్పితే రెండు పెరుగుతాయి, రెండు తగ్గుతాయి, లేదంటే ఉన్నన్నే ఉంటాయి. ఇక ఏడెలా వస్తుంది? బిళ్లలు తీసుకుని ఒక్క పరుగున వెళ్లి చెప్పాను.

తాత బిళ్లల్ని తనే రెండేసి తిప్పి చూశారు. "ఎనిమిది ఉండె. ఒకటి యాడనో పోయింది. ఎనిమిదితో చేసినాను గదా, ఏడుతోనూ అయితాదనుకొని పెట్టేసినాను. నాకూ తెలీలేదమ్మా."

పెద్దవాళ్లు తెలియలేదని ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు. ఆ ఒక్క మాటకే ఆయనంటే నాకు ప్రాణం. ఆయన అంతటితో ఆగలేదు. కుర్చీ దిగి నేల మీద బాసింపట్టు వేసుకుని నా ముందు కూర్చున్నారు.

"ఇంగోసారి మెల్లగా చెప్పు."

చెబుతుంటే నాన్న కంపెనీ బస్సు దిగి వస్తూ మెట్ల దగ్గర ఆగారు. "ఏం మామా, నీకే పాఠం చెప్తా ఉండాదా?" అని నవ్వారు.

తాత తల తిప్పలేదు. "అవునప్పా. గమ్మునుండు, లెక్క తప్పుతాది."

నాన్న నవ్వు ఆగిపోయింది. చెప్పులు విడిచి, క్యారియర్ పక్కన పెట్టి, తాత పక్కనే నేల మీద కూర్చున్నారు. "నేను ముందరిది వినలేదు. మొదట్నించి చెప్పమ్మా" అన్నారు.

నేను ఏడు బిళ్లలూ మళ్లీ బోర్లించాను.